దొరసాని ఒప్పుకున్న ప్రయాణం

ప్రయాణాల ఆఫీసు,
కిటికీ పక్క బల్ల.

వదినగారికి మీ మరదలి నమస్కారాలు.

మీరు పొలం దగ్గరి ఇంటికి చేరారని పాలబండి డ్రైవరు చెప్పాడు. మీ పెట్టె కంటే ముందు మీ గొంతు దిగిందట. ఇది అతని మాట, నాది కాదు. అతని చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఫోన్ చెయ్యొచ్చు గానీ, అక్కడ గట్టెక్కితే తప్ప అది పలకదు. ఎక్కినా పక్కన మీ తమ్ముడు ఉంటారు. ఆయన గురించి అడగవలసినవి ఆయన వింటూ ఉండగా ఎలా అడగను?

సంగతి మీకు కొంత తెలుసు. మా ఆఫీసులో చాలాకాలం పనిచేసినవాళ్ళని ఒకసారి జంటగా, కోరిన చోటికి ఆఫీసే పంపిస్తుంది. నాకు ఆ అవకాశం వచ్చి చాలా రోజులైంది. జంట లేక వాడుకోలేదు. పెళ్ళయింది కనక మా మేనేజరుగారు "ఇంకా దాచుకుంటే బూజు పడుతుందమ్మా" అన్నారు. యూరప్‌కి హనీమూన్ వేసుకున్నాను. కొంత దూరం రైళ్ళలో, తర్వాత ఓడ మీద, మళ్ళీ రైళ్ళలో. ఒక దేశం కాదు, వరసగా ఆరు. నెలన్నర పడుతుంది.

ఇన్నాళ్ళూ ఎంతమంది కొత్త జంటలకో ఈ దారులు వేసి ఇచ్చాను. ఏ స్టేషన్లో మెట్లు ఎక్కువో, ఏ రైల్లో ఎడమవైపు కూర్చుంటే సరస్సు కనిపిస్తుందో నాకు తెలుసు. నేను మాత్రం సముద్రమైనా చూడలేదు. మెనూ కార్డు కంఠతా పట్టి ఆకలితో పడుకున్నట్టుంది నా సంగతి.

మీరు అక్కడికి వెళ్ళింది ఆవుల కోసమే. మిగతావి ఎవరు కూర్చున్నా పాలిస్తాయి. ఆ దొరసాని ఒక్కటే మీ తమ్ముడి చెయ్యి తగిలితే తప్ప పాలు చేపదు. రెండు పూటలు పిండకపోతే పొదుగు వాచిపోతుందని ఆయన భయం. మేం బయల్దేరేలోపు అది మీ చేతికి అలవాటు పడాలి.

ఇంకో సాయం. ఆయనకి నిజంగా రావాలని ఉందా? అడిగితే "నీ ఇష్టం" అంటారు. కొండ చూద్దామా అంటే నీ ఇష్టం, ఓడెక్కుదామా అంటే నీ ఇష్టం. పెళ్ళయి ఇన్ని నెలలైనా నేను వారమంతా ఇక్కడ అద్దెగదిలో, ఆయన అక్కడ. సెలవురోజున పాలబండిలో వస్తాను. తిరిగొచ్చేటప్పుడు డ్రైవరు నన్నూ ఖాళీ క్యాన్లనూ కలిపి లెక్కపెట్టుకుంటాడు. ఆ ఒక్క రోజులో మనిషి మనసు ఎక్కడ తెలుస్తుంది? మీరు అక్కగారు. కనిపెట్టి రాయండి.

మీ మరదలు


పాక పక్క గది నుంచి

అమ్మాయీ,

నువ్వు బాగుండాలి. ముందు ఆ "గారు" తీసెయ్యి. మిల్లులో నన్నెవరూ గారు అన్లేదు, ఇప్పుడు అంటే వెనక్కి తిరిగి ఎవరా అని చూడాల్సి వస్తోంది.

డ్రైవరు అన్నదాంట్లో తప్పు లేదు. నూలుమిల్లు హోరులో పక్కమనిషితో మాట్లాడాలంటే కేకెయ్యాల్సిందే. రిటైరయ్యాక మిల్లు ఆగింది, నా గొంతు ఆగలేదు. నిన్న మొదటిసారి దొరసాని దగ్గర కూర్చున్నాను. చిన్నప్పుడు పిండిన చేతులే కదా, మర్చిపోవులే అనుకున్నాను. చేతులు మర్చిపోలేదు. పొదుగు మాత్రం రాయిలా ఉంది. "ఇవ్వవే తల్లీ" అని బతిమాలాను. నా బతిమాలడం కూడా కేకే కాబోలు, దూలం మీది పావురాలన్నీ లేచిపోయాయి. దొరసాని మెడ తిప్పి, నన్ను కింద నుంచి పైదాకా ఒకసారి చూసింది. అత్తగారు కూడా నన్ను అలా చూడలేదే!

మీ ఆయన గుమ్మంలో నిలబడి "అక్కా, అది చెవిటిది కాదు" అన్నాడు. అంతే. నవ్వనైనా నవ్వలేదు. తర్వాత వాడు కూర్చున్నాడు. నన్ను బయటికి పొమ్మన్నాడు. కాసేపటికి క్యాను నిండా పాలతో వచ్చాడు. ఏం చేస్తాడో లోపల నాకు తెలీదు. ఎవరున్నా దానికి సిగ్గట.

వాడి మనసు అడిగావు. వాడు పుట్టినప్పుడే ఏడవడానికి కాసేపు ఆలోచించాడని మా అమ్మ అనేది. అలాంటివాడి నోట్లోంచి మాట లాగాలంటే దొరసానిని పిండడమే తేలిక. అయినా చూస్తాను. కళ్ళల్లో ఒత్తులు వేసుకుని చూస్తాను.

ఇంకోటి. వాడికి నువ్విచ్చిన ప్రయాణం కాగితం తలగడ పక్కన ఉంటే చదవబోయాను. ఆ ఊళ్ళ పేర్లు నా నోటికి తిరగవు. నాకు రాసేటప్పుడు అర్థమయ్యేట్టు ఏదో ఒక పేరు పెట్టి రాయి.

రైల్లో మంచాలు ఒకదానిపైన ఒకటి ఉంటాయటగా? కొత్త పెళ్ళివాళ్ళకి అదేం ఏర్పాటే?

మీ వదిన


అద్దెగది,
తాళాలవాడి కొట్టు పైన.

వదినా,

"గారు" తీసేశాను. రెండుసార్లు రాసి కొట్టేసి మరీ తీసేశాను.

ఊళ్ళకి నేనే పేర్లు పెడతాను, కోప్పడకండి. విమానం దిగేది గంటల ఊళ్ళో. అక్కడ గంటకోసారి చర్చి గంటలు మోగుతాయట, నిద్రపోనివ్వవని మా కస్టమర్లు ఫిర్యాదు చేస్తారు. మర్నాటి సాయంత్రం రైలెక్కితే, మీరు వెక్కిరించిన ఆ మంచాల మీద పడుకుని, తెల్లారేసరికి సొరంగాల దేశంలో ఉంటాం. తర్వాత మంచుకొండ. ఆ కొండెక్కే రైలు ఎంత మెల్లగా పోతుందంటే దిగి పువ్వు కోసుకుని మళ్ళీ ఎక్కొచ్చని ఒకాయన చెప్పాడు. అబద్ధమే అయ్యుంటుంది, అయినా ప్రతి జంటకీ ఆ మాట చెప్పే టికెట్టు ఇస్తాను. కొండ దిగితే కాలవల ఊరు. దాని పక్క రేవులోనే ఓడ ఎక్కడం. దీవులన్నీ తిరిగి, ద్రాక్షతోటల దేశంలో దించుతుంది. అక్కణ్ణించి మళ్ళీ రైళ్ళు, చివర గడియారాల ఊరు. మధ్యలో చిన్నచిన్నవి చాలా ఉన్నాయి. పేర్లు తర్వాత పెడతాను.

మొన్న సెలవుకి వచ్చినప్పుడు మీరు గిన్నెల కోసం సంతకి వెళ్ళారు కదా, అప్పుడు ఆయన్ని కూర్చోబెట్టి అడిగాను. ఓడలో గదికి కిటికీ ఉండాలా, లేనిదైనా ఫరవాలేదా అని. చాలాసేపు ఆలోచించారు. ఆయన నోరు తెరిచేసరికి నా ప్రాణం లేచొచ్చింది. "మరి దొరసానికి ఎవరు పిండుతారు?" అన్నారు.

నవ్వాను. బండెక్కాక నవ్వు రాలేదు.

ఆఫీసులో నా పక్క బల్ల అమ్మాయి అంటుంది: "మీ ఆయన్ని ఓడ మీద నిలబెడితే తిమింగలానికి గడ్డి వేస్తాడు" అని. అననీండి. నాకు కావలసింది ఒక్కటే. ఎవరినీ సంతకి తోలుకెళ్ళినట్టు తీసుకెళ్ళడం నాకిష్టం లేదు. ఆయనకి ఇష్టం లేకపోతే ఇప్పుడే తెలియాలి. మీకేమైనా కనిపించిందా?

మీ మరదలు


పాక పక్క గది

అమ్మాయీ,

దొరసాని ఇంకా ఇవ్వలేదు. ఒకరోజు నాలుగు చుక్కలు రాల్చింది, అదీ నా ముఖం చూసి కాదు, ఈగని తోలబోయి.

నువ్వడిగినదాని గురించి. ఒక సంగతి నాకు తెలిసింది. తెలిశాక వాడు నా దగ్గర మాట తీసుకున్నాడు, నీకు చెప్పకూడదని. చిన్నప్పుడు కూడా వాడు నా దగ్గర మాట తీసుకోలేదు, ఇదే మొదలు. అందుకని నేను చెప్పను, నువ్వు అడక్కు. ఏమీ కంగారుపడకు. కాలమే చెబుతుంది.

ఇక్కడ వానలు తగ్గాయి. మీ అన్నయ్య, అదే మా ఆయన, మిల్లు క్వార్టర్లో ఒక్కరే వండుకుంటూ రెండో గిన్నె కూడా మాడ్చారట. మూడో గిన్నె నేనెళ్ళేదాకా దాచమని కబురు పెట్టాను.

మీ వదిన


ప్రయాణాల ఆఫీసు

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. కంగారుపడలేదు. మీరు దాచినా నాకు అర్థమైంది. మాట తీసుకుని మరీ దాచమన్నారంటే అది నాకు సంతోషం కలిగించే సంగతి అయ్యుండదు కదా. ఆయన్ని నేనేమీ అనను. చెప్పడానికి మొహమాటపడ్డారు, అంతే. మంచివాళ్ళకి వచ్చే జబ్బే అది.

అందుకని ప్రయాణం తగ్గించాను. ఒక్క దేశం, ఒక్క వారం. గంటల ఊరు, మంచుకొండ, ఇంటికి. ఓడ లేదు. దొరసాని ఒక్క వారమైతే ఎలాగోలా ఓర్చుకుంటుంది. మీరూ అంత కష్టపడనక్కర్లేదు. కొత్త కాగితం ఆయనకి డ్రైవరు చేత పంపాను.

మేనేజరుగారు కళ్ళజోడు తీసి "ఇంతదాకా చెయ్యి చాచి ఇంతే తీసుకుంటావా?" అన్నారు. చాలు సార్ అన్నాను. ఓడలో మా గదిని ఇంకెవరికో ఇవ్వడానికి పక్కన పెట్టారు.

నాకేం దిగులు లేదు. నిజంగా. ఈ వారం పని ఎక్కువ, సెలవుకి రాలేకపోవచ్చు.

ఇట్లు,
మరదలు


పాక పక్క గది
వెంటనే చదువు

ఓసి పిచ్చిదానా,

నేను మాట తప్పుతున్నాను. నా తమ్ముడు నన్ను తిడితే తిట్టనీ. రాయడం అయ్యేదాకా డ్రైవరుని ఆపమని మనిషిని రోడ్డు మీద నిలబెట్టాను, అక్షరాలు గొలుసుకట్టుగా ఉంటే సర్దుకుని చదువుకో.

నువ్వు పేర్లు పెట్టి రాసిన ఉత్తరం అందాక ఒకనాడు తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చింది. మిల్లు షిఫ్టు అలవాటు. వీడు అప్పటికే పాకలో ఉన్నాడు. లోపల దీపం. ఏం చేస్తే అది చేపుతుందో చూద్దామని పాక వెనక తడిక దగ్గర నిలబడ్డాను. వీడి గొంతు వినిపించింది. ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. మంత్రం చదువుతున్నాడేమో అనుకున్నాను. ఇంత లేటు వయసులో వీడికి ఈ భక్తి ఎక్కణ్ణించి వచ్చిందా అనుకున్నాను.

తర్వాత తెలిసింది. నువ్వు రాసిచ్చిన ఆ ఊళ్ళ పేర్లమ్మా! ఒక్కో పేరూ చెప్పడం, ఒక్కో ధార పిండడం. నోరు తిరక్కపోతే మళ్ళీ మొదట్నించి. మధ్యమధ్యలో దానికి విప్పి చెబుతున్నాడు. నేను విన్నది విన్నట్టు రాస్తాను.

"ఇక్కడ దిగాలి దొరసానీ. మెట్లెక్కువంట. పెట్టెలు రెండూ నేనే పట్టుకోవాలి. తన చేతికిస్తే వద్దనదు, మోసేస్తుంది. ఇవ్వకూడదు."

ఇంకా కాస్త పిండి: "ఇది కొండ. ఇక్కడ చలి. తను చలికి ఆగలేదు, చెప్పదు కూడా. చెవులు ఎర్రబడితే చలేసినట్టు."

ఇంకా: "ఇక్కడ ఓడ. తను సముద్రం చూళ్ళేదు. నేనూ చూళ్ళేదు. ఎవరికి ముందు భయమేస్తే వాళ్ళు రెండోవాళ్ళ చెయ్యి పట్టుకోవడం. సరేనా?"

ఓడ దగ్గరికి వచ్చేసరికి ఆ ఆవు పాలు ధారగా వదిలేసింది. క్యాను చప్పుడే మారిపోయింది. నేను తడిక పట్టుకుని అలాగే నిలబడ్డాను. నిలబడ్డదాన్ని నిలబడక దగ్గాను.

"అక్కా! నువ్వెప్పుడొచ్చావ్?"

"గంటల ఊళ్ళోనే ఎక్కాన్రా" అన్నాను.

వాడి ముఖం చూడాల్సింది. నువ్వా కాగితం ఇచ్చిన రోజు నుంచీ ఇదే వరస అట. "నీ ఇష్టం, నీ ఇష్టం అని దాన్ని చంపుతున్నావు, ఇదేదో దానికే చెప్పరాదూ?" అన్నాను. అప్పుడు అన్నాడు: "తనకి ఆ ఊళ్ళన్నీ అరచేతిలో ఉంటాయక్కా. నాకు పేరే పలకడం రాదు. రానిదాని మీద ఏం మాట్లాడను? అక్కడ నలుగురిలో తప్పు పలికి తనని తలవంచుకునేలా చెయ్యకూడదు. అన్నీ వచ్చాక నేనే చెబుతా. అప్పటిదాకా చెప్పకు." అదీ నేనిచ్చిన మాట. దొరసానికి ఎవరు పిండుతారన్నాడే, అదీ నిన్ను ఆపడానికి కాదు. ఆ ఒక్క ముడీ విప్పితే బయల్దేరొచ్చని.

నేను కాలమే చెబుతుందని పెద్ద ఆరిందాలా రాశాను. కాలానికి నోరెక్కడిది? ఆ తప్పు నాదే.

ఇప్పుడు అసలు కథ విను. నీ కొత్త కాగితం వచ్చింది. చదివాడు. "ఎందుకు తగ్గించింది?" అన్నాను. "నాతో అంత దూరం రావాలనిపించలేదేమో" అన్నాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాటి నుంచి ఆ చిన్న కాగితమే చదవడం మొదలుపెట్టాడు. గంటల ఊరు, మంచుకొండ, ఇంటికి. అయిపోయింది. వాడు నోరు మూశాడు. దొరసాని కూడా ఆపేసింది. సగం క్యాను. చెవులు రిక్కించి నిలబడింది అమ్మాయీ, తర్వాతేంటి అన్నట్టు! వాడు పొదుగు నిమిరాడు, వేణ్ణీళ్ళతో కడిగాడు, దూడని వదిలాడు. ఊహూ. మూడు పూటల నుంచి ఇదే వరస. పాల కేంద్రం గుమాస్తా నవ్వుతాడు: "ఏమయ్యా, దొరసాని అలిగిందా, నువ్వలిగావా?" అని.

పాత చదువే చదవరా అంటే చదవడు. "వెళ్ళని ఊళ్ళ పేర్లు దానికెందుకు చెప్పడం, అబద్ధం కదా" అంటాడు. ఆవుతో అబద్ధమాడని మనిషిని కట్టుకున్నావు, ఏం చేస్తావో నీ ఇష్టం.

పాడి సగానికి పడిపోయింది. నువ్వు ఓడెక్కితే గానీ ఇక్కడ క్యాను నిండదు. ఆ ఊళ్ళన్నీ వెనక్కి పెట్టు.

మీ వదిన


ప్రయాణాల ఆఫీసు,
గిడ్డంగి గది, తలుపేసుకుని

వదినా, వదినా,

మీ ఉత్తరం పట్టుకుని గిడ్డంగి గదిలోకి వచ్చేశాను. బల్ల దగ్గర చదివితే అందరూ చూస్తున్నారు. నా చెవులు ఎర్రబడ్డాయని పక్క బల్ల అమ్మాయి అంది. చలి లేదు అన్నాను.

మేనేజరుగారి దగ్గరికి పరిగెత్తాను. "సార్, మళ్ళీ పెద్ద ప్రయాణమే కావాలి."

"ఏం, పెళ్ళికొడుకు మనసు మార్చుకున్నాడా?"

"ఆయన కాదు సార్. ఆవు."

ఆయన కళ్ళజోడు మళ్ళీ తీశారు. మొదట్నించి చెప్పాల్సి వచ్చింది. విన్నాక ఆయనే ఫోన్ తీసి ఓడ కంపెనీకి చేశారు. మా గది పోయింది. కిటికీ లేనిదొక్కటే మిగిలిందట. చాలని చెప్పాను. కిటికీ కావాలంటే పైకెళ్ళి నిలబడతాం.

ఆయనకి వేరే ఉత్తరం రాసి ఇందులోనే పెడుతున్నాను. అంటించి ఉంది, ఆవిరి పెట్టి తెరవకండి, మీరు తెరవగలరని నాకు తెలుసు. ఈ సెలవుకి తప్పకుండా వస్తాను. తెల్లవారుజామున నన్ను లేపండి. తడిక దగ్గర ఇద్దరికి చోటుందా?

మీ పిచ్చి మరదలు


పాక పక్క గది

అమ్మాయీ,

నువ్వు వచ్చి వెళ్ళాక మూడు రోజులు వాడు ఈల వేశాడు. వాడికి ఈల వచ్చని నాకు తెలీదు.

నా చదువు సాగుతోంది. మీ ఆయనే పంతులు. సాయంత్రం దాణా కలుపుతూ ఒక్కో పేరూ చెప్పిస్తాడు. ఆ పేర్లేమిటే, కొన్ని తుమ్ముతో మొదలై దగ్గుతో అయిపోతాయి! అవైనా వచ్చాయి గానీ గొంతు తగ్గించడమే కష్టమైంది. ఇన్నేళ్ళు యంత్రాల మీద గెలిచిన గొంతు, ఆవు ముందు ఓడిపోవడానికి ఒప్పుకోదు. చివరికి ఒక ఉపాయం దొరికింది. పక్కన పసిపిల్ల నిద్రపోతోంది అనుకుని మాట్లాడతాను.

దొరసాని ముందు చదివిన మొదటి రోజు ఓడ దాకా చేరేసరికి నాకు చెమట్లు పట్టాయి. దొరసాని తోక ఊపింది. ఊరు తర్వాత ఊరు చెబుతున్నాను, ఏమీ లేదు. వాడి మాటలు కూడా చెప్పాలేమో అనిపించింది. "పెట్టెలు వాడే మోస్తాడులేవే, నువ్వు దిగులుపడకు" అన్నాను. పొదుగు మెత్తబడింది. నమ్మవు గానీ నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే గొంతు పెరుగుతుందని ఆపుకున్నాను.

మర్నాడు ధీమా ఎక్కువై ద్రాక్షతోటల తర్వాత ఒక ఊరు దాటేశాను. తన్నింది. క్యాను ఒకవైపు, నేను ఒకవైపు. ఇంకోసారి నువ్వు దారిలో ఒక్క ఊరు మార్చావంటే వచ్చి ఈ నడుం నువ్వే పట్టు. కొత్తవి కూడా కలపకు. నాకు వచ్చినవే నీకు దారి.

వాడికి కోటు కుట్టించాం. చూపించాలని వేసుకుని పాకలోకి వెళ్తే దొరసాని కొమ్ము విసిరింది, ఎవరో దొరగారు వచ్చారనుకుని. వాడికి భలే గర్వంగా ఉంది.

నిశ్చింతగా వెళ్ళిరండి. తిరిగొచ్చేసరికి మీ ఇద్దరి మధ్యా "నీ ఇష్టం" అన్న మాట వినిపించిందో, నేను మళ్ళీ గొంతు పెంచుతాను.

మీ వదిన


ఓడ మీద,
పై అంతస్తు, గాలికి కాగితం ఎగరకుండా చెప్పు పెట్టి

వదినా,

సముద్రం చూశాను. దాని గురించి రాయబోతే రెండు కాగితాలు పాడయ్యాయి. పెద్దగా ఉంది. అంతే రాయగలను.

ఎవరికి ముందు భయం వేసిందో చెప్పను. చెయ్యి మాత్రం ఇద్దరిదీ చెమట పట్టింది.

గంటల ఊళ్ళో నిద్ర లేదు, కస్టమర్లు చెప్పింది నిజమే. రైల్లో మంచాలు మీరన్నట్టే ఉన్నాయి. నిచ్చెన కూడా ఉంది. ఇంతకంటే రాయను. కొండెక్కే రైలు దిగి పువ్వు కోసుకునేంత మెల్లగా పోదు, ఇకమీదట ఎవరికీ ఆ అబద్ధం చెప్పను.

మీ తమ్ముడు ప్రతి స్టేషన్లో పేరు చదివి, పలికి, నా వైపు చూస్తారు. ఒక్కటీ తప్పలేదు. రైల్లో టికెట్టు చూసే ఆయన ఇంకోసారి చెప్పించుకుని మరీ చెయ్యి కలిపాడు. నేను ఇన్నేళ్ళూ తప్పుగా పలుకుతున్నవి రెండు బయటపడ్డాయి. పెట్టెలు ముట్టుకోనివ్వరు. కోటు నాకే కప్పుతారు. ఓడలో భోజనం బల్ల దగ్గర ముక్కూమొహం తెలియని ముసలి జంటని మాతో కూర్చోబెట్టారు. మీరేం చేస్తారని వాళ్ళు సైగ చేస్తే ఈయన గాల్లో పాలు పిండి చూపించారు. ఆవిడ పడీపడీ నవ్వింది. ఇప్పుడు ఓడంతా ఆయన కనిపిస్తే చేతులు అలా ఆడిస్తారు.

సంతోషంగా ఉన్నాను. ఒక్కటే, మీకు కాబట్టి చెబుతున్నాను. నేను వేసిన దారిని ఆయన పరీక్షలా రాస్తున్నారు. ఒక్క మార్కు పోకుండా. ఇది చూడాలి, ఇక్కడ ఆగాలి అని ఒక్కసారీ నోరు తెరిచి అడగరు. నా హనీమూన్‌కి ఆయన చాలా బాగా వచ్చారు. మా హనీమూన్ ఎప్పుడు మొదలవుతుందో చూడాలి.

గడియారాల ఊళ్ళో మా హోటలు చిరునామా వెనక రాశాను. దానికి రాయండి.

మీ మరదలు


పాక

అమ్మాయీ,

నీ ఉత్తరం పాకలోనే కూర్చుని చదివాను. దొరసాని బాగుంది. క్యాను నిండుతోంది. మావాడు అడిగితే మాత్రం బాగుందని చెప్పకు, తను లేకపోయినా బాగుందని దిగులు పెట్టుకుంటాడు. బాగోలేదనీ చెప్పకు, వచ్చేస్తాడు. కొమ్ములు అలాగే ఉన్నాయని చెప్పు.

రోజూ రెండు పూటలా మీతో తిరుగుతున్నానే. ఓడ ఎక్కుతున్నాను, దిగుతున్నాను. పక్క పొలాల ఆడవాళ్ళు ఇద్దరు వచ్చి తడిక దగ్గర నిలబడుతున్నారు, "ఇవాళ ఎక్కడిదాకా వచ్చావ్?" అంటూ. ఒకామెకి కాలవల ఊరు బాగా నచ్చింది, అక్కడ కాసేపు ఆగమంటుంది. ఆగితే ఇది తంతుందని చెప్పాను. మీ అన్నయ్య వంట మీద విసుగెత్తి ఇక్కడికే వచ్చేశారు. నా మాట వినిపించక "ఏంటీ, ఏంటీ?" అంటున్నారు. ఇన్నేళ్ళకి ఆయన నన్ను మెల్లగా మాట్లాడకు అన్నారమ్మా!

నీ దిగులు గురించి. అడగడం కూడా ఒక పనే. వాడికి ఆ పని ఎవరూ నేర్పలేదు. ఇంట్లో ఎప్పుడూ ఎవరికేం కావాలో చూసేవాడే గానీ వాడికేం కావాలని నేనూ అడగలేదు, అమ్మా అడగలేదు. తొందరపెట్టకు. పేర్లన్నీ అయిపోనీ.

మీ వదిన


ఒక బెంచీ మీద నుంచి

వదినా,

మీ ఉత్తరం హోటలుకి చేరే ఉంటుంది. మేం చేరలేదు.

నిన్న గడియారాల ఊరికి పోయే రైలెక్కాం. మధ్యలో ఏదో చిన్న స్టేషన్లో సిగ్నలు లేక ఆగింది. నా కాగితాల్లో లేని స్టేషను. కిటికీలోంచి పచ్చిక, దాని మీద ఆవులు, గోధుమరంగువి, మెడలో గంటలు. వాటి వెనక చిన్న సరస్సు. మీ తమ్ముడు లేచి రెండు పెట్టెలూ దించారు.

"ఇది మన ఊరు కాదండీ" అన్నాను.

"తెలుసు. దిగు."

"హోటలు బుక్ చేశాం. రైలెళ్ళిపోతుంది."

"పోనీ. నాకిక్కడ దిగాలనుంది."

నేను దిగాను. రైలు వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళలో నేను వేసిన దారిలో ఎవరికీ రైలు తప్పిపోలేదు, నేనే మొదటిదాన్ని. ఆవుల కోసమే దిగారనుకున్నాను. పోనీలే, పాపం, ఇన్నాళ్ళు ఆగారు, కాసేపు వాటి మెడ నిమురుకోనీ అనుకుని కంచె దగ్గర నిలబడ్డాను. ఆయన ఆగలేదు. ఆవుల పక్కనుంచే నడిచాం, ఒకటి తల కూడా చాచింది. ఆయన చూడలేదు. పెట్టెలు పట్టుకుని తిన్నగా సరస్సు దగ్గరికి వెళ్ళి, ఈ బెంచీ తుడిచి "కూర్చో" అన్నారు.

కూర్చున్నాను. ఏం చూడాలి ఇక్కడ అని అడిగాను. "ఏం లేదు. ఇన్ని రోజుల నుంచీ ఎక్కడికెళ్ళినా నువ్వు గడియారం చూస్తున్నావు. నువ్వు గడియారం చూడకుండా కూర్చుంటే చూద్దామని" అన్నారు.

గడియారం విప్పి ఆయన జేబులో వేశాను.

ఇక్కడ ఒక ముసలావిడ పైగది అద్దెకిచ్చింది. నిన్న రాత్రి అక్కడే ఉన్నాం. ఈరోజూ ఉంటాం. రేపు సంగతి రేపే తెలుస్తుంది. హోటలుకి ఎవరో ఒకరు కబురు చేస్తారు, చెయ్యకపోతే మా మేనేజరుగారు కళ్ళజోడు తీస్తారు. మీ తమ్ముడు ఇప్పుడు నీళ్ళలోకి రాళ్ళు విసురుతున్నారు, ఒక్కటీ ఎగిరి ముందుకి పోవడం లేదు, అయినా విసురుతున్నారు. ఇంకా చాలా అడిగారు వదినా. ఆ గదిలో కిటికీ పక్క మంచం కావాలన్నారు. నాకు నిద్రొస్తున్నా కాసేపు మేలుకో అన్నారు. అడగడం మొదలుపెడితే మనిషి ఆగేట్టు లేరు.

ఈ ఊరి పేరు మాత్రం రాయను. రాస్తే మీరు దొరసానికి చెప్పేస్తారు, పక్క పొలాలవాళ్ళు కూడా వింటారు. మిగతావన్నీ పాకకే ఇచ్చేశాం కదా. ఇదొక్కటి మాకు వదిలెయ్యండి.

మీ మరదలు